పాత ట్రాక్టరు కొంటున్నారా? గంటల లెక్క మీరే కట్టుకోండి

దాళ్వా మాసూళ్లు అయిపోయి ధాన్యం డబ్బు చేతికొచ్చే రోజుల్లో పల్లెల్లో పాత ట్రాక్టర్ల బేరాలు జోరందుకుంటాయి. సార్వా దుక్కులు మొదలయ్యేలోగా కొనేయాలని తొందర. కొత్త బండి కొనే స్తోమతు లేని రెండు మూడెకరాల రైతు, చేతిలో ఉన్నది కొంత, బంగారం కుదువపెట్టి తెచ్చింది కొంత కలుపుకుని పాత బండి వైపు చూస్తాడు. బ్రోకరు మీటరు మీద వేలుపెట్టి చూపిస్తాడు. "ఎనిమిదేళ్ల బండి. తిరిగింది రెండు వేల గంటలే. ఇంజను ఇంతవరకు విప్పలేదు" అంటాడు. కొత్తగా వేసిన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. అడ్వాన్సు చేతులు మారిపోతుంది. తీరా తొలి సీజనులోనే ఇంజను బోరుకొస్తే? బండి షెడ్డులో ఉంటుంది, వడ్డీ నెత్తిన ఉంటుంది.

పాత ట్రాక్టరు కొనటమంటే అందులో మిగిలి ఉన్న గంటలను కొనటమే. బండి ఎన్నేళ్లది అనేదానికంటే ఎన్ని గంటలు నడిచింది, ఏ పనిలో నడిచింది అన్నదే ముఖ్యం. ఆ లెక్క మీటరు ఒక్కటే చెప్పలేదు. మరో నాలుగైదు చోట్ల వెతికి సరిపోల్చుకోవాలి.

మీటరు ఎలా తిరుగుతుంది?

డ్యాష్‌బోర్డు మీద ఇంజను వేగం చూపే ముల్లు దగ్గరే అంకెల గడి ఉంటుంది. అదే అవర్ మీటరు. చాలా బండ్లలో చివరి అంకె వేరే రంగులో ఉంటుంది. అది గంటలో పదో వంతును చూపుతుంది, దాన్ని గంటల్లో కలపకూడదు.

పాత మోడళ్లలో ఇంజను నుంచి మీటరుకు ఒక కేబులు వస్తుంది. కంపెనీ నిర్ణయించిన వేగంలో ఇంజను గంటసేపు నడిస్తేనే మీటరు మీద ఒక గంట పడుతుంది. స్లోలో ఉంచితే గడియారం మీద గంట గడిచినా మీటరు అంత తిరగదు. కొత్త మోడళ్లలో ఉండే ఎలక్ట్రానిక్ మీటరు మాత్రం ఇంజను నడిచినంత సేపూ గంటలు లెక్కపెడుతుంది.

కేబులు తెగితే మీటరు అక్కడే ఆగిపోతుంది. దున్నకానికి దానితో పని లేదు కాబట్టి చాలామంది నెలల తరబడి వేయించరు. మీటరు మొత్తం మార్చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాలుగంకెల మీటరైతే 9,999 దాటాక తిరిగి సున్నాకు వస్తుంది. కావాలని వెనక్కి తిప్పేవాళ్లూ లేకపోలేదు. అందుకే బండి స్టార్టు చేశాక మీటరు కదులుతోందో లేదో ముందు చూడండి. ఒక అరగంట నడిపి చివరి అంకె మారిందో లేదో గమనించండి. బోర్డు స్క్రూల మీద స్పానరు, స్క్రూడ్రైవరు గాట్లు ఉన్నా, బండి పాతదై మీటరు అద్దం ఒక్కటే కొత్తగా మెరుస్తున్నా కారణం అడగండి.

ఏడాదికి ఎన్ని గంటలు?

ఖర్చుల లెక్క వేసేటప్పుడు వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఆయుష్షును 10 ఏళ్లు, 10,000 గంటలుగా తీసుకోవటం పరిపాటి. అంటే ఏడాదికి 1,000 గంటలు. మన ఊళ్లలో అన్ని బండ్లూ అంత తిరగవు. సొంత పొలానికి మాత్రమే వాడిన బండి చాలా తక్కువ తిరుగుతుంది. కిరాయికి తిప్పిన బండి వెయ్యి దాటినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి మీటరు అంకెను బండి వయసుతో భాగించండి. ఎనిమిదేళ్ల బండి 2,100 గంటలు చూపిస్తే ఏడాదికి సుమారు 260 గంటలు. ఇప్పుడు ఆ ఊరికి వెళ్లి ఇద్దరు ముగ్గురిని అడగండి. ఆ బండి కిరాయికి తిరిగేదా? దమ్ముల రోజుల్లో రాత్రిళ్లు కూడా నడిచేదా? ఇటుక బట్టీకి, ఇసుకకు వెళ్లేదా? డ్రైవరును జీతానికి పెట్టుకున్నారా? జీతపు డ్రైవరుతో ఏడాది పొడుగునా నడిచిన బండి 260 గంటల దగ్గర ఆగదు.

డీజిలు లెక్క

గంటలను దాచవచ్చు గాని తాగిన డీజిలును దాచటం కష్టం. 35 నుంచి 45 హెచ్.పి. ట్రాక్టరు రకరకాల పనులు కలిపి చూస్తే గంటకు సగటున 4 లీటర్ల వరకు తాగుతుంది. ఖాళీ ట్రక్కుతో వెళ్తే తగ్గుతుంది, రోటవేటరు వేసినా, దమ్ము చేసినా పెరుగుతుంది. అమ్మే రైతు బంకులో ఖాతా పెట్టుకుని ఉంటే ఏడాదికి ఎన్ని లీటర్లు పోయించారో అడగండి. ఆ లీటర్లను 4తో భాగిస్తే గంటలు వస్తాయి. 2,800 లీటర్లు పోయించి ఉంటే దాదాపు 700 గంటలు నడిచినట్టే. ఇది ఉజ్జాయింపు లెక్కే. పాతికా పరకా తేడా పట్టించుకోవద్దు. మీటరు చూపేదానికి రెట్టింపు, మూడు రెట్లు వస్తే మాత్రం మీటరును నమ్మవద్దు.

సర్వీసు పుస్తకం ఉందా?

కొత్త బండితో కంపెనీ ఒక సర్వీసు పుస్తకం ఇస్తుంది. ప్రతి సర్వీసుకీ తేదీ, మీటరు గంటలు అందులో రాస్తారు. డీలరు వర్కుషాపులో చేయించిన పనికి జాబ్ కార్డు మీద కూడా గంటలు వేస్తారు. షాసీ నంబరు, ఇంజను నంబరు రాసుకుని, వీలైతే అమ్మేవారిని వెంటబెట్టుకుని ఆ డీలరు దగ్గరకు వెళ్లండి. నాలుగేళ్ల కిందటి కార్డులో 3,000 గంటలు ఉండి, ఇవాళ మీటరు 2,100 చూపిస్తుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆయిలు, ఫిల్టర్లు కొన్న బిల్లులు కూడా పనికొస్తాయి. ఎన్ని గంటలకు ఇంజనాయిలు మార్చాలో ఆ మోడలు పుస్తకంలో ఉంటుంది. కొత్త మోడళ్లలో చాలావాటికి 250 గంటలు. పాతవాటికి ఇంకా ముందే మార్చాలి. పుస్తకం, బిల్లులు ఏవీ లేవంటే బండి చెడ్డదని కాదు. కానీ తెలియని గంటలకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

అరుగుదల అబద్ధమాడదు

రంగు వేస్తే రేకు కొత్తదవుతుంది గాని అరిగిన ఇనుము పెరగదు. ఈ చోట్లు చూడండి.

క్లచ్, బ్రేకు పెడళ్ల మీది గాళ్లు నున్నగా అరిగిపోయాయా? ట్రక్కు తగిలించే హుక్కు రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? పీటీఓ షాఫ్టు పళ్లు పదునుగా సన్నబడ్డాయా? అయితే రోటవేటరు, నూర్పిడి మిషను పని బాగా చేసిందన్నమాట. ఈ పరీక్ష ఇంజను ఆపాకే చేయాలి. తిరిగే షాఫ్టు దగ్గరకు లుంగీతో, తువ్వాలుతో వెళ్లవద్దు. లిఫ్టు చేతుల గుళ్లు, ముందు చక్రాల కింగు పిన్నులు పట్టుకుని ఊపి చూడండి. స్టీరింగు ఎంత ఆడుతోందో చూడండి.

టైర్ల మీద తయారీ తేదీ ఉంటుంది. నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. బండి 2016 నాటిదై, వెనక టైర్లు 2021వి అయితే మొదటి జత ఎందుకు మార్చారో అడగండి. మొదటి జత అరిగిపోయేంత పని చేసిన బండి 2,000 గంటల దగ్గరే ఉందంటే నమ్మటం కష్టం.

అయితే టైర్లు బాగున్నంత మాత్రాన మురిసిపోవద్దు. చేపల చెరువుల దగ్గర నీళ్లు తోడటానికి, నూర్పిడి మిషనుకు వాడిన బండి ఒకేచోట నిలబడి గంటల తరబడి నడుస్తుంది. టైరు అరగదు, పెడలు అరగదు. అరిగేది ఇంజనే. అటువంటి బండికి పీటీఓ పళ్లే సాక్షి. ఉప్పునీటి చెరువుల దగ్గర పనిచేసి ఉంటే కింది భాగాలు, బోల్టులు, రిమ్ములు తుప్పుపట్టి ఉంటాయి.

గంటలన్నీ ఒక్కటి కావు

ట్రక్కు లాగిన గంట వేరు, దమ్ములో నడిచిన గంట వేరు. కేజ్‌వీల్స్ కట్టి బురదలో తిప్పిన బండికి యాక్సిలు సీళ్ల గుండా నీరు, బురద లోపలికి పోయే ప్రమాదం ఉంటుంది. గేరు ఆయిలు డ్రెయిను బోల్టు కొద్దిగా వదిలి చూడండి. ఆయిలు పాలలా తెల్లబారి ఉంటే నీరు చేరినట్టే. డెల్టా నుంచి మెట్టకు అమ్మకానికి వచ్చే బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి.

మెట్ట దుక్కుల్లో శత్రువు దుమ్ము. గాలి ఫిల్టరు నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టం విప్పించి లోపల వేలితో తుడవండి. వేలికి దుమ్ము అంటితే ఆ దుమ్ము సిలిండర్లలోకీ పోతోందన్నమాట. అటువంటి ఇంజను తక్కువ గంటలకే లైనర్లు, రింగులు అరిగి బోరుకొస్తుంది. మీటరు నిజమే చెప్పినా ఇక్కడ నష్టపోతారు.

చల్లటి ఇంజను మీదే పరీక్ష

చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్లండి. ముందుగా ఇంజను మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీరొస్తారని ఎవరో స్టార్టు చేసి పెట్టారు. ఇంజను చల్లారేవరకు ఆగండి, లేదా మర్నాడు రండి.

చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీసి చూడండి. వేడి మీద ఎప్పుడూ తీయవద్దు, ఒళ్లు కాలుతుంది. నీటి మీద నూనె తేలుతోందా? డిప్‌స్టిక్ తీసి ఇంజనాయిలు చూడండి. గీత దాటి పైకి ఉంటే డీజిలు గాని నీరు గాని కలిసి ఉండవచ్చు. తెల్లగా ఉంటే నీరే. అప్పుడే పోసిన కొత్త ఆయిలైతే పాత ఆయిలు ఎందుకు మార్చారో అడగండి. పొగను, శబ్దాన్ని కప్పిపుచ్చటానికి చిక్కటి ఆయిలు పోసేవాళ్లున్నారు.

స్టార్టు చేశాక పొగ చూడండి. మొదట కాస్త పొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే డీజిలు సరిగా మండటం లేదు, లేదా నీరు లోపలికి పోతోంది. లోడు మీద నల్ల పొగ దట్టంగా వస్తే గాలి ఫిల్టరు, నాజిళ్లు, పంపు చూపించాలి. దీన్ని తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవచ్చు గాని నీలం పొగ అలా కాదు.

తర్వాత బ్రీదరు గొట్టం దగ్గర చూడండి. గుప్పుగుప్పుమని పొగ తన్నుతుంటే రింగులు, లైనర్లు అరిగినట్టు. ఇంజను బాగా వేడెక్కి స్లోలో ఉన్నప్పుడు ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోతున్నా, ఎర్ర దీపం వెలుగుతున్నా బేరింగులు అరిగి ఉండవచ్చు. చివరగా నాగలి గాని, కల్టివేటరు గాని తగిలించి ఒక గంట దున్నించండి. ఆ డీజిలు ఖర్చు మీరే పెట్టుకోండి. రోడ్డు మీద ఖాళీగా పరుగెత్తే బండి పొలంలో చతికిలబడవచ్చు.

వెంట మెకానిక్కును తీసుకెళ్లండి. అతని కూలి మీరే ఇవ్వండి. బ్రోకరు చూపించిన మెకానిక్కు బ్రోకరు మాటే చెబుతాడు.

"ఇంజను కొత్తగా చేయించాం" అంటే?

లైనర్లు, పిస్టన్లు, బేరింగుల బిల్లులు చూపమనండి. పని ఏ మీటరు దగ్గర జరిగిందో అడగండి. బిల్లులు ఉంటే మంచిదే. కానీ కొత్తదైంది ఇంజను మాత్రమే. గేరుబాక్సు, క్రౌను, లిఫ్టు పంపు పాత గంటలతోనే ఉంటాయి.

ధర కట్టే పద్ధతి

ఉదాహరణకు రెండు బండ్లు చూశారనుకోండి. మొదటిది ఎనిమిదేళ్లది, మీటరు 2,100 గంటలు, ధర 3,20,000 రూపాయలు. రెండోది ఆరేళ్లది, మీటరు 4,600 గంటలు, ధర 3,00,000 రూపాయలు. మీటరు చూస్తే మొదటిదే మేలు. 10,000లో 7,900 గంటలు మిగిలాయి, గంటకు 40 రూపాయలు పడుతుంది.

కానీ మొదటి బండి ఏడాదికి 2,800 లీటర్ల డీజిలు తాగిందని తేలింది. ఏడాదికి 700 గంటలు, ఎనిమిదేళ్లకు 5,600. మిగిలింది 4,400 గంటలే. గంటకు సుమారు 73 రూపాయలు. రెండో బండి మీటరు సర్వీసు పుస్తకంతో సరిపోయింది. మిగిలింది 5,400 గంటలు. గంటకు 56 రూపాయలు కూడా పడదు. ఎక్కువ తిరిగినట్టు కనిపించిన బండే చవక. 10,000 గంటలంటే మధ్యలో రిపేర్లు ఉండవని కాదు. మెకానిక్కు చెప్పిన రిపేరు ఖర్చును ధరకు కలుపుకునే ఈ లెక్క వేయండి.

మరో మాట. కల్టివేటరుతో ఎకరం ఒకసారి దున్నటానికి గంట పడుతుంది. మూడెకరాల రైతు రెండు పంటలకు, పంటకు నాలుగేసి సార్లు దున్నినా 24 గంటలు. ట్రక్కు పని కలిపినా 50 గంటలు దాటటం కష్టం. మిగతా రోజులు కిరాయి దొరికితేనే బండి వాయిదా తీరుస్తుంది. మీ ఊళ్లో ఇప్పటికే ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టుకోండి. నలుగురు కలిసి కొంటే భారం తగ్గుతుంది. ఎవరెన్ని గంటలు వాడారో రాసుకోవటానికి ఆ అవర్ మీటరే పనికొస్తుంది.

కాగితాలు

ఆర్.సి. పుస్తకంలోని షాసీ, ఇంజను నంబర్లను బండి మీద ఉన్నవాటితో సరిచూడండి. ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు బ్యాంకు పత్రం, 35వ నంబరు ఫారం తీసుకోండి. బదిలీకి 29, 30 నంబరు ఫారాల మీద అమ్మేవారి సంతకాలు కావాలి. రిజిస్ట్రేషను 15 ఏళ్ల వరకే, ఆ తర్వాత రెన్యువలు చేయించాలి. ట్రక్కుకు రిజిస్ట్రేషను వేరుగా ఉంటుంది. కాగితాలు చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు.

బండి ఇంటికి తెచ్చిన రోజే ఇంజనాయిలు, ఫిల్టర్లు మార్పించండి. ఒక నోటు పుస్తకం పెట్టి తేదీ, మీటరు గంటలు, పోసిన డీజిలు రాయటం మొదలుపెట్టండి. యంత్రాల సంరక్షణ నేర్చుకోవాలనుకునే వారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తుంది. మీటరు చెడిపోతే వెంటనే బాగుచేయించండి. రేపు ఆ బండి అమ్మాల్సి వస్తే ఆ నోటు పుస్తకమే మీకు నాలుగు డబ్బులు ఎక్కువ తెచ్చిపెడుతుంది. కొనేవాడు కూడా మీలాంటి రైతే.