పెంపుడు కుక్క – పొరుగువాని వుజూ

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. రాప్తాడు వంటి చోట బిందెడు నీటి విలువ ఎరిగినవారికి కుక్కల షికారు తగవు స్వరూపం సులభంగా బోధపడుతుంది. వుజూ చేసుకొని నమాజుకు బయలుదేరినవాడు కుక్కను చూచి ప్రక్కకు తొలగితే యజమాని దానిని ద్వేషమని తలపోస్తాడు. ద్వేషం కాదది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధం. సోకిన వస్త్రాన్ని కడుక్కోవాలి. అందుకు నీరు కావాలి! అయితే పొడిగా ఉన్న కుక్క ఒరుసుకొన్నంత మాత్రాన వుజూ భంగం కాదు. ఈ సంగతి మనవారిలోనూ పలువురు ఎరుగరు. మాలికీ పండితులైతే లాలాజలాన్ని సైతం శుద్ధమనే అంటారు. ఖుర్ఆన్ 18వ అధ్యాయంలో గుహవాసుల వాకిట ఉన్నది కుక్కయే. దప్పిగొన్న కుక్కకు బావిలో దిగి, పాదరక్షలో నీరు తెచ్చి త్రాగించినవానికి దైవక్షమ లభించిందని బుఖారీ హదీసు. ధర్మరాజు కథ పొరుగువారికి తెలిసినదే.

కాబట్టి తగవు కుక్కతో కాదు, పొడవాటి గొలుసుతో. పెంపుడు జంతువు వలన ప్రాణాపాయం కలుగకుండా జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ఆరు నెలల వరకు జైలుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధిస్తుంది. కుళాయి గట్టుపై విసర్జనకు మాత్రం ఆ సెక్షను అక్కరకు రాదు, యజమానియే ఎత్తివేయాలి. మరొక చిక్కు, కుక్కల షికారు వేళలూ ఫజ్ర్, మగ్రిబ్ నమాజు వేళలూ ఇంచుమించు ఒకటే. మసీదు వీధిలో షికారును పావుగంట వెనుకకు జరిపితే చాలు.