గుర్తు, పాత్ర, యాజమాన్యం: వీడియోగేమ్ సంస్థల పోటీలో ప్రతీకపాత్రలు

ఉపోద్ఘాతం

కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరామాలయంలో సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచినవని ప్రసిద్ధి. ఏకశిలానగరమన్న పేరు అందువల్లనే వచ్చిందంటారు. రాముని చెంత సాధారణంగా కనిపించే హనుమంతుడు ఆ గర్భగృహంలో లేడు. అయినా ఆ మూర్తి ఎవరిదన్న సందేహం ఏ భక్తునికీ కలగదు. చేతిలోని కోదండమే గుర్తు. ఆ గుర్తుతో రాముణ్ణి ఎవరైనా చెక్కవచ్చు, క్యాలెండరుపై అచ్చువేయవచ్చు, తోలుబొమ్మగా ఆడించవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

వీడియోగేమ్ సంస్థలకు ముఖంగా నిలిచే పాత్రను మస్కట్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘ప్రతీకపాత్ర’గా వ్యవహరిస్తున్నాను. అదీ గుర్తుల ద్వారానే తెలియబడుతుంది, కాని దానికొక యజమాని ఉంటాడు. దైవమూర్తితో దానిని సమానం చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. గుర్తుకూ యాజమాన్యానికీ గల సంబంధం ఆ సంస్థల పోటీలో ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించడమే ఈ వ్యాసలక్ష్యం.

మారియో, సోనిక్, క్రాష్

జపానులోని క్యోటోలో 1889లో పేకముక్కల తయారీతో మొదలైన నింటెండో సంస్థ 1981లో ‘డాంకీకాంగ్’ ఆటను విడుదల చేసింది. అందులోని వడ్రంగికే తరువాత మారియో అన్న పేరు స్థిరపడింది. రూపకర్త షిగెరు మియామోటో వివరణ ప్రకారం అతని వేషం చాలావరకు సాంకేతికమైన కొరత నుంచి పుట్టింది. కొద్దిపాటి చుక్కలతో జుట్టు గీయడం కష్టం కనుక టోపీ, నోటికి చోటు చాలదు కనుక మీసం.

ఆ ఆట చుట్టూనే యాజమాన్య వివాదమొకటి తలెత్తింది. కింగ్‌కాంగ్‌పై హక్కు తమదంటూ 1982లో యూనివర్సల్ స్టూడియో నింటెండోపై దావా వేసింది. విచిత్రమేమంటే, అంతకు కొన్నేళ్ల ముందు కింగ్‌కాంగ్ కథ అందరి సొత్తని న్యాయస్థానంలో వాదించి నెగ్గినది ఆ స్టూడియోయే. అమెరికా న్యాయస్థానం నింటెండో పక్షాన తీర్పునిచ్చింది. 1984లో పైకోర్టు దానిని ఖాయపరచింది.

నింటెండోకు ప్రత్యర్థి అయిన సెగాకు అప్పటికి ‘అలెక్స్ కిడ్’ అనే పాత్ర ఉన్నా అది మారియోకు దీటుగా నిలవలేదు. 1991 జూన్‌లో సెగా సోనిక్‌ను తెచ్చింది. నావోటో ఓషిమా గీసిన ఈ పాత్ర హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల జంతువు. ఇది మన ముళ్లపంది కాదు, దానికన్నా చాలా చిన్న ప్రాణి. దేహానిది సెగా చిహ్నపు నీలిరంగే. మారియో ఆటకు ఆచితూచి దూకడం ప్రాణం, సోనిక్ ఆటకు వేగమే సర్వస్వం. అంటే సోనిక్ లక్షణాలు మారియోను కాదనడంలోనే అర్థవంతమయ్యాయి. సెగా అమెరికా శాఖాధిపతి టామ్ కాలిన్‌స్కీ యంత్రం ధర తగ్గించి, సోనిక్ ఆటను దానితోపాటే ఇప్పించాడు. ప్రకటనలలో ప్రత్యర్థిని పేరుపెట్టి ఎద్దేవా చేశారు.

1996లో సోనీ ప్లేస్టేషన్ తరఫున క్రాష్ బాండికూట్ రంగంలోకి దిగింది. ఆ వేషధారి నింటెండో కార్యాలయం ముందు మెగాఫోన్ పట్టుకొని సవాలు విసిరినట్టు ఒక ప్రకటన తీశారు. అయితే క్రాష్‌పై హక్కు సోనీది కాదు. యూనివర్సల్ అనుబంధ సంస్థ చేతి నుంచి పలు చేతులు మారి, 2023లో ఆ పాత్ర సోనీ ప్రత్యర్థి మైక్రోసాఫ్ట్ సొత్తయింది. సోనిక్ గతి మరొక రకం. 2001లో సెగా గేమ్ యంత్రాల తయారీ మానుకోగా, సోనిక్ ఆటలు నింటెండో యంత్రాల మీదికే వచ్చాయి. 2007లో మారియో, సోనిక్ ఒకే ఒలింపిక్ ఆటలో కలిసి పరుగెత్తారు.

తెలుగునాట

ఈ వైరం 1990లలో తెలుగు పట్టణాల పిల్లలకు దాదాపు తెలియదు. ఇక్కడికి వచ్చినవి నింటెండో యంత్రాన్ని అనుకరించిన చవక పెట్టెలు, ఒకే క్యాసెట్‌లో ఎన్నో ఆటలు. మారియో తెలిసినవారిలో చాలామందికి నింటెండో పేరు తెలియదు. పాత్ర వచ్చింది, యజమాని రాలేదు.

హైదరాబాదు ఉదాహరణ దీనికి తలకిందులు. అక్కడి గ్రీన్‌గోల్డ్ యానిమేషన్ సంస్థ రూపొందించిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో ఛానల్‌లో ప్రసారం మొదలైంది. ప్రత్యర్థి ఛానళ్లు ఊరుకోలేదు. 2012లో నికెలోడియన్‌లో ‘మోటు పత్లు’, 2018లో డిస్కవరీ కిడ్స్‌లో ‘లిటిల్ సింగం’ వచ్చాయి. ఈ పోటీ బుల్లితెర నుంచి మొబైల్ ఆటలకూ పాకింది. మోటు పత్లు ‘లోట్‌పోట్’ అనే హిందీ పిల్లల పత్రిక నుంచి, లిటిల్ సింగం సినిమా నుంచి వచ్చినవి. వాటి మూలాలకు యజమానులున్నారు. ఛోటా భీమ్ ఇతివృత్తం భారతకథ కాకపోయినా, పేరూ బలమూ భారతంలోని భీమునివే. ఇక్కడ యజమాని ఉన్నాడు, మూలానికి మాత్రం యజమాని లేడు.

ఇటువంటి పేర్ల విషయంలో 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పొకటి గమనార్హం. అగరుబత్తులకు ‘రామాయణ్’ అన్న పేరును వాణిజ్యచిహ్నంగా నమోదు చేయించుకోబోయిన వ్యాపారికి న్యాయస్థానం ఆ అవకాశం నిరాకరించింది. పవిత్రగ్రంథం పేరుపై ఏ ఒక్కరికీ గుత్తహక్కు చెల్లదన్నది. అయితే ఆ పేరుకు మరో పదమో రూపకల్పనో చేరి విశిష్టత ఏర్పడితే పరిశీలించవచ్చని కూడా సూచించింది. తీర్పు గ్రంథనామానికి సంబంధించినది. పురాణపాత్రల పేర్లకు దాని తర్కం ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదించదగిన విషయమే. నా అభిప్రాయంలో గ్రీన్‌గోల్డ్ నిజమైన ఆస్తి భీముడన్న పేరు కాదు. దాని ముందు చేరిన ‘ఛోటా’ అన్న విశేషణం, కాషాయ ధోవతి, చేతిలోని లడ్డు కలిసి ఏర్పరచిన రూపమే. రేపు మరో సంస్థ గదతో ఇంకొక బాలభీముణ్ణి గీస్తే, తగవు పడవలసింది ఆ ధోవతి గురించీ లడ్డు గురించే.