ఇంటి యప్పు – ఇంటి వేడిమి

2018 వరకు గ్రామపంచాయతీగా నుండిన అమీన్‌పూర్ ఆ యేట పురపాలక సంఘ మయ్యెను. పటాన్‌చెరు కార్ఖానాలలో పనిచేయువారును, హైదరాబాదునకు పోయివచ్చు నుద్యోగులును ఇచ్చట నిండ్లు కొనుచున్నారు. వారిలో పెక్కుమందికి బ్యాంకు అప్పే యాధారము. ఆ యప్పులలో నొక క్రొత్తరకము కలదు. దానిని గ్రీన్ మార్ట్‌గేజ్ అందురు. మనము హరిత గృహఋణ మని చెప్పుకొందము.

ఇల్లు హామీగా నుంచి తీసికొను మామూలు ఋణమే యిది. తక్కువ కరెంటుతో, తక్కువ నీటితో గడచునట్లు కట్టిన యింటికి బ్యాంకు వడ్డీ కొంచెము తగ్గించును. లేదా రుసుము మానును. లేదా అట్టి పనుల వ్యయమునుగూడ అప్పులో జేర్చును. బ్యాంకున కిందువలన లాభమేమి? కరెంటు బిల్లు తగ్గిన సంసారము వాయిదా తప్ప దను నమ్మకమే. మెక్సికో దేశమున కార్మికుల గృహనిధి సంస్థ యగు ఇన్ఫోనావిట్ 2007 నుండి ఇట్టి ఋణము లిచ్చుచు వచ్చినది. సూర్యరశ్మితో నీరు కాచు పరికరము వంటివి అప్పుతోనే కొని, మిగిలిన బిల్లు సొమ్ముతో ఆ భాగమును దీర్చుట దాని పద్ధతి.

ఇల్లు హరితమో కాదో నిర్ణయించువాడు బ్యాంకు మేనేజరు గాడు. 2001లో స్థాపింపబడిన భారతీయ హరితభవన మండలి, అనగా ఐ.జి.బి.సి., హైదరాబాదులోనే యున్నది. ఈ మండలియు, గృహ, ఎడ్జ్ అను పద్ధతులవారును ధ్రువపత్రము లిత్తురు. ప్రకటనపై చెట్ల బొమ్మ యున్నంతమాత్రమున మోసపోరాదు. నక్షాను జూచి ముందుగా నిచ్చు పత్రము వేరు, కట్టిన పిదప నిచ్చు పత్రము వేరు. బ్యాంకు దేనిని అంగీకరించునో బయానా ఇయ్యకముందే యడుగవలెను.

ఈ పత్రము భూమిహక్కును దెలుపదనియు గ్రహింపవలెను. అమీన్‌పూర్ పెద్దచెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. 2024 సెప్టెంబరులో ఈ మండలమందలి కిష్టారెడ్డిపేటలో, ప్రభుత్వ భూమిలో కట్టినవని పలు కట్టడములను హైడ్రా సంస్థ కూల్చెను. ఇల్లు కూలినను అప్పు నిలిచియే యుండును. కావున చెరువు హద్దును, సర్వే నంబరును మొదట చూచుకొని, వడ్డీ మాట తరువాత ఆలోచింపుడు.

ఇక లెక్క. 30 లక్షల రూపాయలు 20 ఏండ్లకు నూటికి 8.5 వడ్డీపై తీసికొన్నచో నెలవాయిదా సుమారు 26,035 రూపాయలు. వడ్డీ 8.25 అయినచో 25,562. నెలకు 473 రూపాయలు మిగులును. మొత్తముపై లక్షా పదమూడువేలు. ఇది త్రోసివేయదగిన సొమ్ము కాదుగాని, ఇంత మాత్రమునకే ఇల్లు ఎన్నుకొనుట తెలివిగాదు. అసలు లాభము కప్పులోను గోడలలోను నున్నది. వైశాఖ మాసమున కాంక్రీటు కప్పు పగలెల్ల వేడిమిని త్రాగి రాత్రి గదిలోనికి విడుచును. పై యంతస్తువారి కిది చెప్పనక్కరలేదు. కప్పుపై వెల్లసున్నము గాని తెల్లని చలువరంగు గాని పూసినచో ఎండ చాలవరకు వెనుకకు మరలును. 2023 నాటి తెలంగాణ చల్లని కప్పుల విధానము 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములందలి నివాసములకే దీనిని విధించినది. చిన్న యిండ్లవారికి నిర్బంధము లేదు, కాని వారికే యిది మిక్కిలి యవసరము. సున్నమునకు బ్యాంకుతో పనియు లేదు! 75 వాట్ల పంకాలు నాలుగు తీసి 30 వాట్లవి పెట్టినచో, దినమునకు పది గంటల చొప్పున నెలకు 54 యూనిట్లు మిగులును.

పాత యింటివారికి మరియొక త్రోవ కలదు. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల సౌరఫలకములకు 78,000 రూపాయల సహాయము లభించును. ఆరంభములో ప్రభుత్వము లెక్కించిన ప్రమాణ వ్యయము 1,45,000. అంగడి ధర అంతకు మించవచ్చును. మిగిలిన మొత్తమునకు ఇల్లు తాకట్టు పెట్టకయే తక్కువ వడ్డీపై అప్పు దొరకును. 67,000 రూపాయలు నూటికి 7 చొప్పున అయిదేండ్లకు తీసికొన్నచో నెలకు 1,327 రూపాయలు చెల్లింపవలెను. ఫలకములు నెలకు సగటున 300 యూనిట్లకు పైగా నిచ్చునని ప్రభుత్వపు అంచనా. అయితే గృహజ్యోతి పథకముచే 200 యూనిట్ల వరకు ఉచితముగా పొందు కుటుంబమునకు ఈ యప్పు గిట్టుబాటు గాదు. ఎక్కువ బిల్లు చెల్లించువారికే మేలు. అపార్ట్‌మెంటువారికి మేడకప్పు అందరి సొత్తు గనుక, ముందు సంఘమువారి సమ్మతి వ్రాతమూలమున పొందవలెను.