సెల్ఫ్ కొట్టినా పలకని కారు

2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పడిపోయింది. సెల్సియస్ లెక్కలో దాదాపు మైనస్ 31. నేపర్‌విల్, షాంబర్గ్ లాంటి షికాగో శివార్లలో మనవాళ్లుండే అపార్ట్‌మెంట్లలో అలాంటి పొద్దుట వాట్సాప్ గ్రూపులన్నిటా ఒకటే మాట: ‘మామా, బ్యాటరీ పడుకుంది, నీ దగ్గర జంపర్ కేబుల్స్ ఉన్నాయా?’ రెండేళ్లు తిరిగేసరికి చలంటే పెద్దగా తెలియని డాలస్‌కీ ఆ గతి పట్టింది. 2021 ఫిబ్రవరి 16న అక్కడ మైనస్ 2 ఫారన్‌హీట్. 1949 తర్వాత ఆ ఊరు అంత చలి ఎరగదు.

మన ఊళ్లో అయితే నలుగురు వెనక నుంచి తోస్తారు. డ్రైవరు సెకండ్ గేరులో ఉంచి క్లచ్ వదిలితే బండి ఒకసారి దగ్గి లేచి కూర్చుంటుంది. అమెరికా రోడ్ల మీద దాదాపు అన్నీ ఆటోమేటిక్ కార్లే. ఇంజిను ఆగి ఉంటే చక్రాలకీ దానికీ మధ్య పట్టు ఉండదు కాబట్టి ఎంతమంది తోసినా అలసట తప్ప ఫలితం లేదు. చాలా ఊళ్లలో బస్సుండదు, పక్క వీధిలో మెకానిక్ ఉండడు. టోయింగ్ బండికి ఒక ఖర్చు, షెడ్డులో రోగం కనిపెట్టినందుకే ఇంకో ఖర్చు. రిపేరు బిల్లు ఆ తర్వాతి మాట. ఎమ్మెస్‌కి వచ్చి, సీనియర్ అమ్మేసిన పాత కరోలానో సివిక్‌నో కొనుక్కున్న కుర్రాడికి ఇవన్నీ కలిపితే నెల అద్దెలో మంచి వాటా.

అందుకని చాలామంది తిన్నగా పోయి కొత్త బ్యాటరీ కొనేస్తారు. దానికీ లొంగకపోతే ఇంజిన్ని తిప్పే స్టార్టర్ మార్పిస్తారు. అదీ కాకపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్. గురి లేకుండా విడిభాగాలు మార్చుకుంటూ పోయే ఈ పద్ధతిని అమెరికన్ మెకానిక్కులు ‘పార్ట్స్ క్యానన్’ (విడిభాగాల ఫిరంగి) అని ఎగతాళి చేస్తారు. ఫిరంగి పేలుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు గురి తగులుతుంది, నిజమే. ఈలోగా జేబు ఖాళీ అవుతుంది.

ముందు చెవి, తర్వాత చెయ్యి

బండి రోగాన్ని చెవితో పట్టడమెలాగో అమెరికాకి నవ్విస్తూ నేర్పింది టామ్, రే మాగ్లియోజీ అన్నదమ్ములు. ఇద్దరూ ఎంఐటీలో చదివి, బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో మోటారు షెడ్డు పెట్టుకున్నారు. 1977లో బోస్టన్ రేడియో డబ్ల్యూబీయూఆర్‌లో మొదలైన వాళ్ల ‘కార్ టాక్’, 1987 నుంచి ఎన్‌పీఆర్ ద్వారా దేశమంతా వినిపించింది. ఫోన్ చేసినవాళ్లని బండి చేసే చప్పుడు నోటితో చేసి వినిపించమనేవారు. నలుగురూ వింటున్న రేడియోలో పెద్దమనుషులు కూడా సిగ్గు విడిచి టకటక, గర్ గర్ అనేవారు. 2012లో కొత్త కార్యక్రమాలు ఆగిపోయాయి, 2014లో టామ్ కన్నుమూశాడు. ఆ పద్ధతికి మాత్రం నేటికీ తిరుగులేదు. ‘స్టార్ట్ కావట్లేదు’ అన్న మాట ఒక్కటే ఏ మెకానిక్కుకీ పనికిరాదు. ఏ చప్పుడుతో కావట్లేదు, ఎప్పుడు కావట్లేదు అన్నవి చెబితే సగం పని అయినట్టే.

టకటకటకమని గబగబా కొట్టుకుంటోందంటే, స్టార్టర్‌ని కదిలించే సోలెనాయిడ్‌కి సరిపడా కరెంటు ఉంది, మోటారు తిప్పడానికి చాలట్లేదు. సోలెనాయిడ్ పట్టుకోగానే వోల్టేజి పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. తప్పు బ్యాటరీదన్నా అయ్యుండాలి, దాని టెర్మినల్స్‌దన్నా అయ్యుండాలి. ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంటే చూపు స్టార్టర్ వైపు తిప్పాలి. ఈ రెంటినీ విడదీయడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీయో, టెర్మినల్సో. చెక్కు చెదరకుండా వెలుగుతూనే ఉంటే కరెంటు ఉంది, స్టార్టర్ దాన్ని అందుకోవట్లేదు. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకు గట్టిగా తొక్కి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మళ్లీ కొట్టి చూడాలి. అప్పుడు లేస్తే పార్కింగ్ గేరుని గుర్తించే స్విచ్చిలోనే తేడా. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమంటోందా, కారు మన తాళాన్ని గుర్తుపట్టట్లేదు. రిమోట్‌లో బిళ్ల బ్యాటరీ అయిపోతే, పుష్ బటన్ కార్లు చాలావాటిలో రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే పని జరుగుతుంది.

చంపేది ఎండ, నింద చలికి

ఒకప్పుడు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పితేనే ఇంజిను లేచేది. అది వెనక్కి తన్ని మణికట్లు విరిగిన సందర్భాలు కొల్లలు. ఒహాయోలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్‌తో ఆ అవస్థకి తెరదించడం మొదలుపెట్టింది. మన దగ్గర లారీ ముందు క్లీనర్ హ్యాండిల్ తిప్పడం కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కండబలం స్థానంలోకి ఇప్పుడు బ్యాటరీ వచ్చింది. చిన్న కారు ఇంజిన్ని తిప్పడానికి కూడా ఆ కొద్ది క్షణాల్లో వంద నుంచి రెండొందల ఆంపియర్లు కావాలి.

గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే, బ్యాటరీ తన సత్తువలో 35 శాతం కోల్పోతుందని అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ చెబుతుంది. సున్నాకి దిగితే 60 శాతం హరీ. సరిగ్గా అప్పుడే ఇంజిన్ ఆయిల్ చిక్కబడి మోటారు మీద బరువు పెంచుతుంది. ఆయిల్ డబ్బా మీది 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలచగా పారుతుంది. అయితే బ్యాటరీని లోలోపల తినేసేది ఎండ. టెక్సస్, ఆరిజోనా వేసవిలో బానెట్ కింది వేడికి ప్లేట్లు తుప్పు పట్టి, లోపలి నీరు తగ్గిపోతుంది. డిసెంబర్లో చేతులెత్తేసిన బ్యాటరీ జులైలోనే సగం చచ్చి ఉంటుంది. ఇంటి నుంచి పనిచేస్తూ వారానికోసారి పటేల్ బ్రదర్స్ కొట్టు దాకా వెళ్లొచ్చే కార్లకి ఇంకో చిక్కు. స్టార్ట్ చేయడానికి వాడిన కరెంటు తిరిగి నిండేలోపే కొట్టు వచ్చేస్తుంది.

ఇరవై డాలర్లలోపు దొరికే మల్టీమీటర్ చాలా వాదనలు తేల్చేస్తుంది. రాత్రంతా నిలిపిన కారు బ్యాటరీలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే అడుగంటినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారకూడదు. ఇంజిను నడుస్తున్నప్పుడు దాదాపు 14 చూపించాలి. 12 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ చార్జి చేయట్లేదని అర్థం, అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా అవీ పడుకుంటాయి. ఇంకో కారు కరెంటుతో జంప్ స్టార్ట్ చేసేటప్పుడు చివరి నల్ల క్లిప్పు పడుకున్న బ్యాటరీకి తగిలించకుండా, దూరంగా ఇంజిను మీద ఖాళీ లోహానికి పెట్టాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ పడితే ప్రమాదం. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న బూజుని వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్షు పెట్టి కడిగితే, కొత్త బ్యాటరీ ఖర్చు తప్పిపోయే సందర్భాలు లేకపోలేదు.

ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలు బ్యాటరీని ఉచితంగా పరీక్షిస్తాయి. మంచి సదుపాయమే. బ్యాటరీలు అమ్మేదీ వాళ్లే కాబట్టి, పూర్తిగా చార్జి చేశాకే పరీక్ష చేయించుకోవడం మన జాగ్రత్త. చార్జి లేని మంచి బ్యాటరీ కూడా మీటరులో చెడ్డదానిలా కనపడొచ్చు.

తిరుగుతుంది కానీ అందుకోదు

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ, ఇంజిను మాత్రం అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోవడం దండగ. పెట్రోలు అందట్లేదా, స్పార్క్ రావట్లేదా అన్నదే ప్రశ్న. సెల్ఫ్ కొట్టకుండా తాళం ‘ఆన్’ దాకా తిప్పి, చెవి వెనక సీటు వైపు పెడితే చాలా కార్లలో పెట్రోలు పంపు రెండు క్షణాలు ‘గుంయ్’ మంటుంది. రాత్రంతా ఆగాక పొద్దున్నే మాత్రం ఎక్కువసేపు తిరిగి లేచే కారుకి ఇంకో పరీక్ష ఉంది: తాళం ఆన్ చేసి ఆపడం రెండు మూడుసార్లు చేసి, అప్పుడు కొట్టాలి. వెంటనే లేస్తే రాత్రిపూట పెట్రోలు గొట్టంలో ఒత్తిడి జారిపోతోందన్నమాట.

వేడెక్కాక మొండికేసి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు లేచే బండిలో నా మొదటి అనుమానం, ఇంజిను తిరుగుతోందని కారు కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ మీదే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే, ఆ సెన్సర్ తేడాని సూచించే పీ0335 కోడ్ కనపడొచ్చు.

స్కానర్‌ని గుడ్డిగా నమ్మేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారులోనూ స్టీరింగ్ కింద ఉండే, స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ-2 సాకెట్ ప్రధానంగా పొగని అదుపు చేయడం కోసం పుట్టింది. లాస్ ఏంజెలెస్ కాలుష్యపు పొగతో విసిగిపోయిన కాలిఫోర్నియా నిబంధనలే దానికి మూలం. కాలుష్యం పెంచే తప్పుల్ని అది బాగా పడుతుంది. వదులైన టెర్మినల్‌నీ అరిగిపోయిన స్టార్టర్‌నీ చూసి చాలా సందర్భాల్లో నోరు మెదపదు. కోడ్ వచ్చినా అది ఫిర్యాదే, తీర్పు కాదు. సెన్సర్ పేరు కనపడితే సెన్సర్ మార్చేయడం కూడా ఫిరంగి పేల్చడమే. దాని వైరు ఎలుక కొరికిందేమో ముందు చూడాలి.

స్కానర్ చదివే ఇలాంటి సమాచారం కారు యజమానికి దక్కాలా, కంపెనీ గుప్పిట్లోనే ఉండాలా అన్నది అమెరికాలో ఓట్ల దాకా వెళ్లిన తగాదా. మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఒకసారి, కారు వైర్‌లెస్‌గా పంపే సమాచారం విషయంలో 2020లో మరోసారి, యజమానుల పక్షానే ఓటేశారు.

ఎలక్ట్రిక్ కారు కొన్నాం, ఇక ఈ గొడవలు లేవనుకునేవాళ్లకి ఒక మాట. కింద అంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని మేల్కొలిపేది చాలావరకు విడిగా ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. అది పడుకుంటే కొన్ని కార్లలో తలుపు కూడా తెరుచుకోదు. ప్రియస్ లాంటి హైబ్రిడ్లు కొన్నిటిలో అది వెనక వైపు దాగి ఉంటుంది. ఎక్కడుందో, బయటి నుంచి కరెంటు ఇవ్వడానికి పాయింటు ఎక్కడుందో మాన్యువల్లో ఉంటుంది. వెచ్చని రోజున, కారు బాగున్నప్పుడే ఆ పేజీ చదివిపెట్టుకోవాలి.