వర్చువల్ మెషిన్ గడియారం: అపోహలు – వాస్తవాలు

మార్చి వచ్చిందంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఒక పని తప్పదు. ఏప్రిల్ 1న ఆర్థిక సంవత్సరం మారగానే బిల్లు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయా, పాత బాకీలు కొత్త ఖాతాలోకి సరిగ్గా వస్తాయా అన్నది ముందే చూసుకోవాలి. అందుకోసం రోజూ వాడే కంప్యూటర్‌లో తేదీ ఎవరూ మార్చుకోరు. వర్చువల్ మెషిన్ తెరిచి అందులో మారుస్తారు. టీ కప్పు చేతికి తీసుకునేలోపు తేదీ మళ్లీ మార్చిలోకి వచ్చేస్తుంది. ఇక ఆఫీసులో తలా ఒక కారణం చెబుతారు. వాటిలో తరచూ వినబడేవి ఇవి.

అపోహ: తేదీ నిలవడం లేదంటే అడ్మిన్ హక్కులు లేవన్నమాట, లేదా మెషిన్ పాడైందన్నమాట.

మీరు మార్చిన తేదీ నిజంగానే మారింది. దాన్ని తిరిగి మార్చింది వేరొకరు. వర్చువల్‌బాక్స్ సంగతే చూడండి. గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషిన్ లోపల, గెస్ట్ అడిషన్స్ వేసుకుంటే వాటితోపాటే ఒక సర్వీసు కూడా వచ్చి కూర్చుంటుంది. అది మామూలుగా 10 సెకన్లకోసారి హోస్ట్‌ను, అంటే మెషిన్‌ను నడిపిస్తున్న అసలు కంప్యూటర్‌ను, టైమ్ అడిగి, తన టైమ్‌తో పోల్చుకుంటుంది. తేడా 20 నిమిషాల లోపు ఉంటే గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపించి సర్దుతుంది. అంతకు మించితే ఒక్కసారిగా మార్చేస్తుంది. వారాలు ముందుకు జరిపిన తేదీ క్షణాల్లో వెనక్కి రావడానికి ఇదే కారణం.

ఇది బయటి నుంచి వచ్చే సర్దుబాటు. లోపల ఆపరేటింగ్ సిస్టమ్‌కూ సొంత సర్వీసు ఉంటుంది: విండోస్‌లో విండోస్ టైమ్, లినక్స్‌లో క్రోనీ లేదా సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ. వీటికి నెట్‌వర్క్ ద్వారా టైమ్ అందించే ఎన్‌టీపీ సర్వర్ చెప్పిందే వేదం. ఈ రెండింటిలో ఒకదాన్ని ఆపి రెండోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ టైమ్ అందకుండా చేసే సెట్టింగ్ పేరు గెట్‌హోస్ట్‌టైమ్‌డిజేబుల్డ్. మెనూల్లో ఎంత వెతికినా దొరకదు, వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తోనే పెట్టాలి. ఇంత అవసరమైన దాన్ని అంత లోపల ఎందుకు దాచారో నాకైతే అర్థం కాదు. హైపర్-వీలో మాత్రం ఇంటిగ్రేషన్ సర్వీసెస్ జాబితాలోనే టైమ్ సింక్రనైజేషన్ అనే టిక్ కనిపిస్తుంది.

అపోహ: వీఎంవేర్ టూల్స్‌లో టిక్ తీసేస్తే సింక్ పూర్తిగా ఆగిపోతుంది.

ఆగేది నిర్ణీత వ్యవధికోసారి జరిగే సింక్ మాత్రమే. టూల్స్ మొదలైనప్పుడు, ఆపి ఉంచిన మెషిన్‌ను మళ్లీ నడిపినప్పుడు, స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లినప్పుడు, డిస్క్‌ను కుదించినప్పుడు జరిగే సర్దుబాట్లు అలాగే ఉంటాయి. అవి కూడా వద్దంటే మెషిన్ తాలూకు వీఎంఎక్స్ ఫైల్‌లో టైమ్ డాట్ సింక్రనైజ్ అని మొదలయ్యే లైన్లన్నీ రాసి, ప్రతిదాన్నీ ఫాల్స్ చేయాలి. ఒక్కటి మిగిలినా చాలు, స్నాప్‌షాట్ మార్చిన రోజు మీ ఏప్రిల్ కాస్తా మార్చి అవుతుంది.

అపోహ: వర్చువల్ మెషిన్‌లో టైమ్ ఎప్పుడూ వెనకబడుతుంది, అది దాని జబ్బు.

ఒకప్పుడు ఇది నిజమే. పాత కెర్నళ్లు టైమర్ ఇంటరప్ట్‌లను లెక్కపెట్టి టైమ్ తెలుసుకునేవి. లినక్స్ 2.4లో సాధారణ పీసీలపై సెకనుకు 100, 2.6 తొలి రోజుల్లో 1000. అసలు కంప్యూటర్‌లో ఈ లెక్క తప్పదు. కానీ వర్చువల్ మెషిన్‌కు ప్రాసెసర్ ఎప్పుడూ చేతిలో ఉండదు. హోస్ట్ వేరే పనిలో పడితే ఇది ఆగి తన వంతు కోసం చూడాలి. బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా కునుకు తీస్తే ఆ కాసేపట్లో దాటిపోయిన బస్తాల గతే ఆ ఇంటరప్ట్‌లకూ పడుతుంది. వర్చువల్ మెషిన్లను నడిపించే హైపర్‌వైజర్ వాటిని దాచి ఉంచి తర్వాత గబగబా ఒకేసారి అందిస్తే గడియారం పరుగెత్తేది, అందించకపోతే వెనకబడేది.

ఇప్పటి పద్ధతి వేరు. కేవీఎం వాడే కేవీఎం-క్లాక్‌లో హైపర్‌వైజర్ టైమ్ వివరాలను మెమరీలో ఒక పేజీలో రాసి పెడుతుంది. గెస్ట్ ఆ వివరాలకు ప్రాసెసర్‌లోని టీఎస్‌సీ కౌంటర్ విలువను జోడించి టైమ్ లెక్క కడుతుంది. ఇంటరప్ట్ పోయినా లెక్క పోదు. హైపర్-వీలోనూ ఇలాంటి పేజీ ఉంది. అయితే ల్యాప్‌టాప్ మూత వేసినప్పుడో, మెషిన్‌ను పాజ్ చేసినప్పుడో గెస్ట్ గడియారం వెనకబడే ప్రమాదం ఇప్పటికీ ఉంది.

అపోహ: ఎన్‌టీపీ ఉందిగా, ఎంత తేడా వచ్చినా అదే చూసుకుంటుంది.

ఎన్‌టీపీని తయారుచేసింది చిన్న చిన్న తేడాలను ఓపిగ్గా సర్దడానికి. పాత ఎన్‌టీపీడీ సెకనుకు అరమిల్లీసెకను చొప్పున మాత్రమే సర్దగలదు. ఆ లెక్కన ఒక్క సెకను తేడా పోవడానికి అరగంట దాటుతుంది. 128 మిల్లీసెకన్లు మించిన తేడాకు గడియారాన్ని గెంతిస్తుంది. తేడా 1000 సెకన్లు దాటితే తన వల్ల కాదని ప్రోగ్రామ్ నుంచే తప్పుకుంటుంది. క్రోనీ ఇంకో రకం. చాలా లినక్స్ పంపిణీల్లో ఇది మొదలైన కొత్తలో మొదటి కొన్ని సర్దుబాట్ల వరకే గెంతుతుంది, ఆ తర్వాతంతా నడకే. ఆ నడక వేగం కూడా గరిష్ఠంగా 12 సెకన్లకు ఒక సెకను. రాత్రి పాజ్ చేసి పొద్దున్న నడిపిన మెషిన్ ఎనిమిది గంటలు వెనకబడిందనుకుంటే, సరిపడేసరికి నాలుగు రోజులు పడుతుంది.

అపోహ: అయిదున్నర గంటల తేడా కనబడితే టైమ్ జోన్ మారిస్తే చాలు.

మనవాళ్లకు బాగా పరిచయమైన తిప్పలు ఇవి. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంటుందని విండోస్ అనుకుంటుంది, యూటీసీ ఉంటుందని లినక్స్ అనుకుంటుంది. వర్చువల్ మెషిన్ సెట్టింగ్‌లో ఇది తారుమారైతే ఉదయం పదింటికి లినక్స్ గెస్ట్ మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. టైమ్ జోన్‌ను యూటీసీ చేస్తే తెర మీద పది కనబడుతుంది నిజమే, కానీ లోపలి లెక్క 19,800 సెకన్లు తప్పుగానే ఉంటుంది. 30 సెకన్లకోసారి మారే ఆథెంటికేటర్ కోడ్ కుదరదు. అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే మామూలుగా కెర్బెరోస్ లాగిన్ ఒప్పుకోదు. వర్చువల్‌బాక్స్‌లో హార్డ్‌వేర్ క్లాక్ యూటీసీలో ఉండాలా అన్న టిక్ ఇందుకే ఉంది, సరిచేయాల్సింది అక్కడ.

అపోహ: గడియారాన్ని గంట ముందుకు జరిపితే ప్రోగ్రామ్‌లన్నింటికీ గంట గడిచినట్టే.

సిస్టమ్‌లో టైమ్ ఒకటి కాదు. తేదీ చూపించే గడియారం వేరు, ఎంతసేపైందో కొలిచే మోనోటోనిక్ గడియారం వేరు. రెండోది మీరు తేదీ ఎంత తిప్పినా కదలదు. అరగంట తర్వాత సెషన్ ముగియాలన్న నియమం మోనోటోనిక్ మీద రాసి ఉంటే, తేదీ మార్చి చేసిన పరీక్ష ఏమీ చెప్పదు.

అపోహ: వర్చువల్ మెషిన్ ఎంతో డాకర్ కంటైనర్ అంతే.

కంటైనర్‌కు సొంత గడియారం లేదు. హోస్ట్ కెర్నల్‌దే వాడుకుంటుంది. అందుకే మామూలుగా అందులో తేదీ మార్చనివ్వరు. ఆ అనుమతి ఇచ్చి మార్చారో, హోస్ట్ తేదీయే మారిపోతుంది. 2020లో లినక్స్ 5.6తో టైమ్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి గానీ వాటితో మార్చగలిగేది మోనోటోనిక్, బూట్‌టైమ్ గడియారాలనే, తేదీని కాదు. ఒక్క ప్రోగ్రామ్‌కే వేరే తేదీ చూపించాలంటే లిబ్‌ఫేక్‌టైమ్ ఉంది. అది ప్రోగ్రామ్‌కూ సి లైబ్రరీకీ మధ్య దూరి జవాబు మార్చి చెబుతుంది. స్టాటిక్‌గా కట్టిన ప్రోగ్రామ్ దగ్గర దాని మాట చెల్లదు.

ట్రయల్ గడువు కోసం టైమ్ వెనక్కి తిప్పేవాళ్ల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. చాలా సాఫ్ట్‌వేర్లు చివరిసారి నడిచిన తేదీని రాసి పెట్టుకుంటాయి, లేదా సర్వర్‌ను అడుగుతాయి.

తేదీ నిజంగా మార్చాల్సిన పరీక్షలు ఎన్నో ఉన్నాయి. 32 బిట్ల టైమ్ లెక్క 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మీ పాత ప్రోగ్రామ్ ఆ క్షణాన్ని దాటుతుందో లేదో చూడటానికి వర్చువల్ మెషిన్‌ను మించింది లేదు. ముందు స్నాప్‌షాట్ తీయండి, నెట్‌వర్క్ తీసేయండి, రెండు వైపులా సింక్ ఆపండి. తేదీని వీలైతే బయటి నుంచే ఇవ్వండి: క్యూఈఎంయూలో ఆర్‌టీసీ బేస్, వర్చువల్‌బాక్స్‌లో బయోస్ టైమ్ ఆఫ్‌సెట్, వీఎంవేర్‌లో ఆర్‌టీసీ స్టార్ట్‌టైమ్ ఇందుకోసమే ఉన్నాయి. పరీక్ష అయ్యాక గడియారం వెనక్కి తిప్పి ఊరుకోకండి. డేటాబేస్‌లోనూ లాగ్‌లలోనూ ఫైళ్ల మీదా భవిష్యత్తు తేదీలు మిగిలిపోతాయి. స్నాప్‌షాట్‌కే వెనక్కి వెళ్లండి.

ఇదంతా పరీక్షలకు పెట్టుకున్న మెషిన్ల మాట. కస్టమర్లకు సేవలందించే మెషిన్ల గడియారం మీ ఇష్టం కాదు. సంస్థల సిస్టమ్‌లన్నీ ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో సరిచూసుకునే సర్వర్లతో టైమ్ కలుపుకోవాలని దేశ సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది.