ఐదా, మూడా?

*ఏలూరు లోక్‌సభ స్థానం జెండాలు మార్చింది, సినిమా హీరోనూ పారిశ్రామికవేత్తనూ ఢిల్లీకి పంపింది. కొల్లేరు సరస్సు అభయారణ్యం హద్దు గీత ఎక్కడుండాలన్న ప్రశ్నకు మాత్రం ఓటుతో జవాబు చెప్పే అవకాశం ఆ స్థానానికి ఇంతవరకూ రాలేదు.*

ఏలూరు పార్లమెంటు స్థానం రాజకీయ చరిత్ర రాయమంటే ఎవరైనా ముందు గెలిచినవాళ్ల జాబితా దగ్గర పెట్టుకుంటారు. ఈ ఆదివారం సంచిక కోసం సంపాదకుడు అడిగిందీ అదే. జాబితా రంగులమయంగానే ఉంది కానీ, ఈ స్థానాన్ని అర్థం చేసుకోవడానికి అంతకన్నా బాగా పనికొచ్చేది ఒక ప్రభుత్వ ఉత్తర్వు. అటవీ శాఖ జీవో నంబరు 120, తేదీ 1999 అక్టోబరు 4. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు, అంటే కొల్లేటి జనం నోట ‘ఐదో కాంటూరు’ వరకు, 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ఆ ఉత్తర్వు ప్రకటించింది. తేదీని ఎన్నికల క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. ఆ ఏడాది దేశమంతటా విడతలవారీగా సాగిన లోక్‌సభ పోలింగు అక్టోబరు 3న ముగిసింది. లెక్కింపు 6న మొదలైంది. ఓట్లు పడ్డాయి, ఫలితం రాలేదు. ఆ మధ్య రోజుల్లో కొల్లేటి భవిష్యత్తు మీద సంతకం పడింది. దీని వెనక కుట్ర వెతకనక్కర్లేదు. అభయారణ్యం ఆలోచన 1995 నుంచీ ఫైళ్లలో నడుస్తున్నదే. అయినా ఏలూరు రాజకీయాల స్వభావాన్ని ఈ తేదీ ఎవరూ చెప్పనంత సూటిగా చెబుతుంది. ఇక్కడ ఎన్నిక ఒక దారిన పోతుంది, కొల్లేరు ఇంకో దారిన పోతుంది.

జాబితాను గబగబా చూసేద్దాం. 1952లో కమ్యూనిస్టు కొండ్రు సుబ్బారావు గెలిచారు. 1957లో కాంగ్రెస్ నుంచి మోతే వేదకుమారి, 1962లో సీపీఐ నుంచి వీరమాచనేని విమలాదేవి వచ్చారు. 1967, 71, 77లో కాంగ్రెస్‌కు చెందిన కొమ్మారెడ్డి సూర్యనారాయణ, 1980లో చిట్టూరి సుబ్బారావు చౌదరి నెగ్గారు. 1984లో తెలుగుదేశం తరఫున బోళ్ల బుల్లిరామయ్య వచ్చారు. 1989లో సూపర్‌స్టార్ కృష్ణ కాంగ్రెస్ టికెట్టుపై ఆయన్ని ఓడించారు, 1991లో ఆయన చేతిలోనే ఓడిపోయారు. బుల్లిరామయ్య 1996లో, 1999లో మళ్లీ గెలిచారు. మధ్యలో 1998లో కాంగ్రెస్ అభ్యర్థిగా మాగంటి వెంకటేశ్వరరావు నెగ్గారు. 2004, 2009 ఎన్నికలు కాంగ్రెస్‌కు చెందిన కావూరి సాంబశివరావువి. 2014లో మాగంటే మళ్లీ గెలిచారు, ఈసారి తెలుగుదేశం నుంచి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కోటగిరి శ్రీధర్, 2024లో తెలుగుదేశం అభ్యర్థి పుట్టా మహేశ్ కుమార్ గెలిచారు. ఇన్నిసార్లు జెండా మారితే నియోజకవర్గం చైతన్యవంతమైనదనే అంటాం. ఆ మాటను కొంచెం అనుమానంగా చూడాలనేదే ఈ కథనం వాదన.

అనుమానానికి కారణం ఇది. 1976లో జలగం వెంగళరావు కాంగ్రెస్ ప్రభుత్వం కొల్లేటిలో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. పేదల పేరున మొదలైన చెరువులు క్రమంగా లీజుల వ్యాపారమయ్యాయి. 1999లో చంద్రబాబు నాయుడు హయాంలో అభయారణ్యం వచ్చింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల పట్టికలోకీ ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ ఒత్తిడితో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ నడిపి వందలాది చెరువుల గట్లు తెగ్గొట్టింది. ఆ తర్వాత రెండేళ్లకే, 2008లో, అదే ప్రభుత్వ హయాంలో అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. చెరువులు ఇచ్చింది ఒక పార్టీ, గీత గీసింది ఇంకో పార్టీ. గట్లు తెంచిన పార్టీయే గీత చెరపమంది, మిగతావాళ్లంతా సరేనన్నారు. ఇందులో ఓటరు ఎంచుకోవడానికి మిగిలిన తేడా ఎక్కడుంది?

ఆ ఏకగ్రీవ తీర్మానంలో ఎవరూ గట్టిగా చెప్పని లోపం ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం హద్దు మార్చడానికి ఒకప్పుడు రాష్ట్ర శాసనసభ తీర్మానం కావాలి. 2002లో చేసిన సవరణ ఆ నిబంధనను మార్చింది. 2003 ఏప్రిల్ నుంచి జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా హద్దు కదలదు. పైగా సుప్రీంకోర్టు అనుమతీ కావాలి. అంటే తాళం మార్చిన ఐదేళ్లకు శాసనసభ పాత తాళంచెవి తిప్పింది. ఆ తర్వాత జాతీయ మండలి తరఫున వచ్చిన అజీజ్ కమిటీ మూడో కాంటూరు ప్రతిపాదనను సమర్థించలేదు. కుదింపు మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడదాం. నిర్ణయం హైదరాబాదు నుంచి ఢిల్లీకి తరలిపోయిన రోజే కొల్లేటి ప్రశ్న ఎమ్మెల్యేల చేతుల్లోంచి ఎంపీ చేతుల్లోకి వచ్చింది. అప్పటి నుంచైనా లోక్‌సభ అభ్యర్థిని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఐదా, మూడా?’ అనే కావాలి. కానీ ఈ స్థానంలో పోటీ కులం లెక్కల మీద, రాష్ట్రంలో వీచే గాలి మీద, టికెట్టు ఎవరికి దక్కిందన్న దాని మీద నడుస్తూ వచ్చింది.

ఇక్కడ కొన్ని అభ్యంతరాలు వస్తాయి, వాటిలో బలం లేకపోలేదు. మొదటిది, ఏలూరంటే కొల్లేరొక్కటే కాదు. పోలవరం నిర్వాసితులున్నారు, చింతలపూడి మెట్ట ఉంది, నూజివీడు మామిడి తోటలున్నాయి. నిజమే. కానీ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో ఏలూరు, దెందులూరు, ఉంగుటూరు, కైకలూరు నాలుగూ కొల్లేటిని తాకేవే. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లు చేరేది కొల్లేటికే, అక్కడి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ఆ నీళ్లు దిగిపోవాల్సిందీ ఈ దారినే. కొల్లేటి గట్లు ఎక్కడ ఉండాలన్నది చేపల రైతు సమస్యగానే కనిపించవచ్చు. వరద ఎన్ని రోజులు నిలుస్తుందో తేల్చేది కూడా ఆ గట్లే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పార్టీలన్నీ ఒకే మాట అన్నాయంటే ప్రజలు కోరుకున్నది అదే కదా, ఏకగ్రీవాన్ని మించిన ప్రజాస్వామ్యం ఏముంది? అయితే కొల్లేటి ప్రజలు ఒక్క గొంతు కాదు. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూమి ఉన్నవాళ్లకు నష్టపరిహారం కావాలి. డి-ఫారం పట్టాదారుకు ప్రభుత్వమే ఇచ్చిన భూమి మీద భరోసా కావాలి. పై ఊళ్ల నుంచి వచ్చి చెరువులు లీజుకు తీసుకున్నవారికి గట్లు నిలవాలి. వలతో బతికే లంక గ్రామాల వడ్డివారికి గట్లు లేని నీళ్లు కావాలి. ‘మూడో కాంటూరు’ అన్న ఒకే మాట కింద ఈ నలుగురినీ కట్టేస్తే అందులో బాగా వినిపించేది డబ్బున్న గొంతే. పార్టీలు విడిపోయి వాదించుకుని ఉంటే, ఒకరు పరిహారం పక్షాన, ఇంకొకరు పారే నీటి పక్షాన నిలబడి ఉంటే, వలకారికి కూడా తనదనుకునే అభ్యర్థి దొరికేవాడు. ఏకగ్రీవం ఆ అవకాశాన్నే తీసేసింది.

మూడో మాట, ఇది కోర్టుల పరిధిలోని విషయం, ఎంపీ ఏం చేస్తాడని. చేయగలిగినవి ఉన్నాయి. జిరాయితీ భూములకు కేంద్రం నుంచి పరిహారం అడగొచ్చు. జాతీయ మండలి ముందు ఏ వర్గం పక్షాన మాట్లాడుతున్నాడో బహిరంగంగా చెప్పొచ్చు. ఉప్పుటేరు పూడిక, రెగ్యులేటర్ల పనులకు నిధులు తేవచ్చు. ఈ మూడింటికీ తేదీ వేసి రాసిచ్చిన హామీ ఏ అభ్యర్థి దగ్గరున్నా అతని పార్టీ ఏదైనా ఫరవాలేదు. అది లేనప్పుడు జెండా మారినందుకు సంబరపడటానికి ఓటరుకు కారణం లేదు.

బాక్సు 1: వరసగా ఇద్దరు మహిళలు

1957లో, 1962లో ఏలూరు వరసగా ఇద్దరు మహిళలను లోక్‌సభకు పంపింది, అదీ రెండు ఎదురు పార్టీల నుంచి. వేదకుమారి గాయనిగా కూడా పేరున్నవారు. 1967 నుంచి 2024 దాకా ఈ స్థానంలో మళ్లీ మహిళ గెలవలేదు. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ గురించి మాట్లాడేవారు ఏలూరు పాత ఫలితాలను ఒకసారి చూడటం మంచిది.

బాక్సు 2: గీతకు అటూ ఇటూ

2022 ఏప్రిల్ 4 దాకా కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది. ఏలూరు జిల్లా ఏర్పడ్డాక చాలా భాగం ఒక కలెక్టరు కిందికి వచ్చింది. పూర్తిగా కాదు. ఆకివీడు వైపు భాగం ఉండి అసెంబ్లీలో, నరసాపురం లోక్‌సభలో ఉంది. అంటే కొల్లేటికి ఇప్పటికీ ఇద్దరు ఎంపీలు.

బాక్సు 3: గూడెం లెక్క వేరు

ఉల్లిపాయల మార్కెట్టుకూ, నిట్‌కూ పేరున్న తాడేపల్లిగూడెం ఏలూరుకు దగ్గరే, ఓటు మాత్రం నరసాపురం లోక్‌సభకు. 2014లో బీజేపీ నుంచి పైడికొండల మాణిక్యాలరావును, 2024లో జనసేన నుంచి బొలిశెట్టి శ్రీనివాస్‌ను అసెంబ్లీకి పంపింది. గూడెం వైపు వరద భయం ఎర్రకాలువది. ఆ నీళ్లు కొల్లేటికి రావు, యనమదుర్రు డ్రెయిన్ మీదుగా పోతాయి.