నిషేధానికి లొంగని చేప

పరాయి చేప ఒక నీటిలో పాతుకుపోవడానికి దాని ఆకలి ఒక్కటే చాలదు. అక్కడి చేపలు ముందే నీరసించి ఉండాలి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు సాంచాలు నడిపే భివండిలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చెప్పే పాఠం ఇదే. ‘థాయ్ మాంగూర్’ పేరుతో అమ్ముడయ్యే ఈ చేప పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించాక మహారాష్ట్ర మత్స్యశాఖ భివండి పరిసరాల చెరువుల్లో దీన్ని నాశనం చేయించింది. అయినా భివండి నుంచి మన కృష్ణా జిల్లా దాకా దొంగసాగుకు ఆశ చావడం లేదు. కోడి పేగులు, కబేళా వ్యర్థాలు వేస్తే చాలు, మరో మేత కొనక్కర్లేకుండా కొన్ని నెలల్లోనే అమ్మకానికి వస్తుంది మరి.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. బొచ్చె, రాగండి లాంటివి అప్పుడు ఉక్కిరిబిక్కిరవుతాయి. మాంగూర్‌కు మాత్రం మొప్పల పైన కొమ్మలుగా చీలిన అవయవం ఉంది. పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. మన దేశీ ‘మార్పు’ చేపకూ ఆ నేర్పు ఉంది గానీ, అది సాధారణంగా మూరెడు దాటదు. మీటరు దాటి పెరిగే పరాయిదానితో వేటలో పోటీపడలేదు. పైగా 1950-2015 మధ్య మధ్యభారతంలో విస్తృతమైన అతివృష్టి ఘటనలు మూడింతలయ్యాయని, అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమలో ఒడుదొడుకులు పెరగడం అందుకు కారణమని 2017లో పుణె శాస్త్రవేత్తల బృందం తేల్చింది. అలాంటి వానలకు గట్టు తెగితే చెరువు చేప వాగులో పడుతుంది. 2018 కేరళ వరదల తర్వాత దక్షిణ అమెరికా అరపైమా అక్కడి నదుల్లో దొరికింది ఇలాగే.

భివండిలోని కామ్‌వారీ నదిని చంపేది రంగునీళ్లు, మురుగే కదా, చేపనెందుకు ఆడిపోసుకోవడం అనవచ్చు. ఆ మాటలో నిజముంది. కానీ మురుగు మిగతావాటిని తరిమేసిన చోటే మాంగూర్‌కు ఎదురుండదు. కూలి బతుకులకు చవక చేప దూరం చేయొద్దన్న వాదనా తీసిపారేయదగింది కాదు. అయితే నది చేపలు పోతే ముందు పొయ్యి ఆరేది వాటిని పట్టి బతికేవాళ్ల ఇళ్లలోనే. కనుక వానలకు ముందే అక్రమ చెరువులు ఖాళీ చేయించాలి, వ్యర్థాల సరఫరాను కట్టడి చేయాలి, మురుగును శుద్ధి చేయాలి. మూడూ కలిసి జరగకపోతే నిషేధం కాగితం దాటి నీటిలోకి దిగదు.